ఆరడుగుల దూరం

గోల్ఫ్‌లో బంతి కదలదు, అడ్డుకునేవాడూ ఎదుట ఉండడు. అయినా నేర్చుకునేవారిని ఇంతగా విసిగించే ఆట మరొకటి లేదేమో! నిన్న చక్కగా లేచిన బంతి నేడు నేలను వీడదు. నెలలు గడిచినా ఎదుగుదల కనిపించదు. నాలుగుంపావు అంగుళాల గుంత ఆమడ దూరంలో ఉన్నట్టుంటుంది.

జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ లాంగర్ ప్రపంచస్థాయి ఆటగాడు, క్రీస్తును విశ్వసించినవాడు. గుంత దగ్గర బంతిని మెల్లగా కొట్టాల్సినప్పుడు చేతులు అదిరే సమస్య ఆయనను ఏళ్ల తరబడి వేధించింది. స్టిక్ పట్టుకునే తీరును మళ్లీ మళ్లీ మార్చుకున్నాడే గాని ఆట మానలేదు. 1991 రైడర్ కప్‌లో చివరి గుంత వద్ద, కేవలం ఆరడుగుల దూరం నుండి ఆయన గురి తప్పింది. యూరప్ జట్టు కప్పు కోల్పోయింది. మరుసటి వారమే స్వదేశంలో పోటీకి దిగి గెలిచాడు. 1993లో మాస్టర్స్ టైటిల్‌ను రెండోసారి అందుకున్నాడు.

నర్సీపట్నం ప్రాంతంలో చెరకు నాటిన రైతు, వేరు పట్టిందో లేదోనని రోజూ పెకలించి చూడడు. కలుపు తీస్తాడు, నీరు పెడతాడు, దాదాపు ఏడాది ఎదురుచూస్తాడు. యాకోబు తన పత్రికలో ఓపికకు రైతునే మాదిరిగా చూపాడు. ఓపిక అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఈనాటి పని చేసి, ఫలాన్ని దేవునికి అప్పగించడం.

ఆటయినా, చదువైనా, కోపాన్ని జయించడమైనా, ప్రార్థనలో నిలకడైనా అంతే. ప్రియులారా, తప్పిన గురి మీ విలువను తేల్చదు. దేవుని ప్రేమ మీ గెలుపును చూసి రాలేదు, మీ ఓటమిని చూసి పోదు. నిన్నటి తప్పును నిన్నకే విడిచి, రేపు ఉదయం మళ్లీ మొదలుపెట్టండి.