బొమ్మకింద పేరేదీ?

మా యింటి ముందుగదిలో, గోడగడియారం పక్కన, ఒక గ్రూపుఫోటో వేలాడుతూ వుంటుంది. ఏనాడో వనపర్తిలో ఒక పెళ్లిలో తీసింది. మొత్తం పదిహేడుమంది. ముందు వరుసలో మగవాళ్లు కోట్లు తొడుక్కుని, చేతులు మోకాళ్లమీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కుర్చీల్లో కూర్చున్నారు. వెనక నిలుచున్నవాళ్లు ఆడవాళ్లు. ఒకావిడ ముఖం సగం పక్కావిడ భుజం చాటున పోయింది. ఇంకొకావిడ చంకలో బిడ్డను సముదాయిస్తూ కదిలినట్టుంది. ఆవిడ వుండవలసిన చోట చిన్న పొగమబ్బు మాత్రం మిగిలింది.

మొన్న గోడలకు సున్నం వేయిద్దామని ఆ ఫోటో దింపాం. వెనక అట్టమీద యెవరో పెన్సిలుతో పేర్లు రాసిపెట్టారు. తొమ్మిదిమంది మగవాళ్లకూ ఇంటిపేర్లూ, ఉద్యోగాలూ కూడా వున్నాయి. ఆడవాళ్లు ఆరుగురు. ముగ్గురి దగ్గర ‘ఫలానావారి భార్య’ అని వుంది. మిగిలిన ముగ్గురికీ ఆ పాటి కూడా లేదు. మా చిన్నమ్మాయి పొగమబ్బుమీద వేలుపెట్టి, “అమ్మా, ఈమె ఎవరు?” అనడిగింది. నేను మా వారివైపు చూశాను. ఆయన మా మామగారివైపు చూశారు. మామగారు కళ్లజోడు తుడుచుకుని, బొమ్మను వెలుగులోకి తిప్పి చూసి, “మనవాళ్లే” అన్నారు.

మనవాళ్లేనన్న సంగతి మాకూ తెలుసు!

ఇది మా ఒక్క ఇంటి ముచ్చటే అయితే రాయను. మీ యింట్లో వున్న పాత ఫోటో వెనక్కి తిప్పి చూడండి. మన దేశంలో 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు దాదాపు 28 లక్షలమంది స్త్రీల పేర్లు వోటర్ల జాబితానుంచి కొట్టివేయవలసి వచ్చింది. కారణమేమంటే వాళ్లు పేరు చెప్పలేదు. ‘ఫలానావాడి తల్లి’, ‘ఫలానావారి భార్య’ అని చెప్పి వూరుకున్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పడమేమిటని వాళ్ల సంకోచం. అలా చేరిన పేర్లు వుంచడం కుదరదన్నారు ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో జరిగిన సంగతి ఇది. కాని ఆ పెన్సిలు రాతలు చూశాక, మనం నవ్వుకోదగిన స్థితిలో లేమని తేలింది.

కెమేరా మన గడ్డమీదికి కొత్తగా వచ్చినప్పుడు స్త్రీలకు అది మరీ దూరం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ ఆ చిక్కు గమనించాడు. ఘోషా పాటించే యిళ్లలో ఆడవాళ్లు మగవాడి కెమేరా ముందుకు రారు కదా! అందుకని 1892లో హైదరాబాదులో స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడకు అప్పగించాడు. లోపల పనిచేసేవాళ్లంతా స్త్రీలే. ఇప్పుడు ఫోటో తీసే అమ్మాయిని చూసి ఆశ్చర్యపోయే పెద్దలు ఆ సంవత్సరం గుర్తుపెట్టుకుంటే మంచిది. అయితే ఆ స్టూడియోకి పల్లకీల్లో, బగ్గీల్లో వచ్చేవాళ్లే వెళ్లగలిగారు. నాట్లు వేసే మనిషి కెక్కడిది ఆ యోగం?

మన సంస్థానాల మాట కూడా అంతే. విద్వద్గద్వాల అని పేరు పొందిన గద్వాలను చివరిదాకా ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు చరిత్రలో వుంది. వనపర్తి రాజకుటుంబపు కోడలు రాణీ కుముదినీదేవి 1962లో హైదరాబాదు నగరానికి మొదటి మహిళా మేయరైంది. కుష్ఠురోగులకోసం ఆమె పెట్టిన శివానంద ఆశ్రమం ఆవిడ పేరు నిలిపింది. ఇటువంటివారి బొమ్మలకింద పేరు వెతుక్కోనవసరం లేదు. చిక్కంతా మిగిలినవాళ్లతోనే.

నాగర్‌కర్నూలు జిల్లాలో అమ్రాబాదు పీఠభూమి వుంది. నల్లమల అడవి, చెంచుల పెంటలు. 1940లో అక్కడికి క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు వెళ్లాడు. అప్పుడు రెండవ ప్రపంచయుద్ధం నడుస్తున్నది. ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశపు మనిషి గనుక నిజాం రాజ్యం దాటి వెళ్లవద్దని ఆంక్ష పెట్టారు. ఇంకొకరైతే తిట్టుకుంటూ కూర్చునేవారు. ఆయన భార్య ఎలిజబెత్‌ను వెంటబెట్టుకుని చెంచుల మధ్య కాపురం పెట్టాడు. గడ్డలు తవ్వే స్త్రీలనూ, బిడ్డల తల్లులనూ, గుడిసెల ముందు కూర్చున్న ముసలివాళ్లనూ ఫోటోలు తీశాడు. 1943లో చెంచులమీద ఆయన పుస్తకం అచ్చయింది. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్‌లో ప్రాచ్య, ఆఫ్రికా విద్యల పీఠంలో భద్రంగా వున్నాయి.

భద్రంగా వున్నాయి, సరే. కాని ఆ బొమ్మల్లోని తల్లుల మనవరాళ్లు ఎంతమంది వాటిని చూసివుంటారు? మా అవ్వ ఇలా వుండేదని చూపించుకునే భాగ్యం లండన్‌లో పరిశోధకుడి కుంది, అమ్రాబాదులో మనవరాలికి లేకపోతే ఎలా? పది బొమ్మలు పెద్దవిగా అచ్చువేసి పెంటలో చెట్టుకు కట్టిన తాడుమీద వేలాడదీస్తే, శాస్త్రజ్ఞులు గుర్తుపట్టని ముఖాలను అక్కడి ముసలమ్మలు ఒక్క పూటలో గుర్తుపట్టవచ్చు.

ఈ దూరం ఒక్క మన దగ్గరే కాదు. 1936లో అమెరికాలో కరువుకాలాన డొరొతియా లాంగ్ అనే ఫోటోగ్రాఫరు కాలిఫోర్నియాలో బటానీ తోటల దగ్గర ఒక తల్లిని, ఆమెను కరుచుకున్న పిల్లలను ఫోటో తీసింది. ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. తీసినావిడ తల్లి పేరు మాత్రం అడగలేదు! పేరు లోకానికి తెలియడానికి 1978 దాకా పట్టింది. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని తెలిసింది. ఆ బొమ్మవల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆవిడ బాధపడింది. తీసినది కూడా ఆడదే, మనసున్నదే. అయినా పేరు అడగడం మరిచిపోయింది.

మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు హొమాయి వ్యారవల్లా కథ ఇంకో విధం. 1913లో నవ్‌సారిలో పుట్టిన పార్సీ వనిత. చీరకట్టుకుని, బరువైన కెమేరా మోసుకుంటూ నెహ్రూగారి వెనక పరుగెత్తిన మనిషి. ఆమె తీసిన తొలి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. అంటే బొమ్మలో వున్న ఆడదానికీ పేరు లేదు, బొమ్మ తీసిన ఆడదానికీ పేరు లేదు. 1970లో ఆమె కెమేరా పక్కన పెట్టేసింది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మరుసటి సంవత్సరం పోయింది.

మన పాలమూరు స్త్రీ సంగతి చూడండి. ఆనకట్ట ఎక్కడ కడుతున్నా పాలమూరు కూలీ లేకుండా మట్టి కదలదని దేశమంతా ఎరిగిన మాట. ఆ తట్ట మోసినవారిలో సగం ఆడవాళ్లు. ఆనకట్ట తెరిచిననాటి ఫోటో మాత్రం దండలు వేసుకున్న పెద్దలది. పత్రికారచయిత పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాలు తిరిగి, పొలాల్లో, ఇటుకబట్టీల్లో, గనుల్లో ఆడవాళ్లు చేసే పనిని ఫోటోలు తీశారు. పని కనిపిస్తుంది, చేసే మనిషి కనిపించదు అని ఆ ప్రదర్శనకు పేరు. నగరాల్లో చలువగదులకే పరిమితం చెయ్యక, పల్లెలకు కూడా తీసుకువెళ్లి చూపించారు. తెలంగాణ పల్లెను, బతుకమ్మను, పాత యిళ్ల వాకిళ్లను, వాటిలోని స్త్రీలను ఏళ్లతరబడి తీసిన వరంగల్ భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. ఆయన బొమ్మల్లో ఆడవాళ్లు ఎవరికోసమో నిలబడినట్టు వుండరు. తమ పనిలో తాముంటారు.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో అయితే ఇంకొక అడుగు ముందుకు పడింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత రైతుస్త్రీలు వీడియో కెమేరా పట్టడం నేర్చుకున్నారు. వారిలో కొందరు బడి ముఖం చూడనివాళ్లు. పైనుంచి కిందికి చూస్తూ తీసే బొమ్మకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘పటేల్ షాట్’. కిందనుంచి పైకి చూసేది ‘బానిస షాట్’. కంటికి కన్ను ఎదురుగా, సమంగా తీసేదే ‘సంఘం షాట్’. వందేళ్లుగా కెమేరా పట్టిన మహామహులకు తట్టని మాట! మా గ్రూపుఫోటో తీసిన పెద్దమనిషి దీనిలో ఏ షాట్ తీశాడా అని నేను చాలాసేపు ఆలోచించాను.

గద్వాల పోదాం. గద్వాల చీర తెలియని గృహిణి వుండదు: ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామివారికి ఏరువాడ జోడు పంచెలు వెళ్లేది ఇక్కడినుంచే. మగ్గంమీద కూర్చున్న నేతగాడి ఫోటోలు ఎన్నో వచ్చాయి. చీర కట్టుకున్న సుందరి ఫోటోలు అంతకన్నా ఎక్కువ. ఈ రెండింటి నడుమ కండెలు చుట్టే మనిషి, నూలు సిద్ధం చేసే మనిషి, చూపు మందగించినా తెగిన పోగు వెతికి ముడివేసే మనిషి ఒకరుంటారు. ఆమె ఫోటో మీరెక్కడైనా చూశారా? ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి చేతి నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. యంత్రానికి వచ్చిన పేరు ఫోటోకి రాకూడదా?

ఆగస్టు 19వ తేదీ ప్రపంచ ఫోటోగ్రఫీ దినం. 1839లో ఆనాడే పారిస్‌లో డాగ్యురే కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడించారు. మన తెలుగు వూళ్లలో స్టూడియోలవాళ్లు సంఘాలుగా చేరి ఆరోజు డాగ్యురే పటానికి పూలదండ వేస్తారు. ఆసుపత్రిలో పళ్లు పంచుతారు, కొందరు రక్తదానం చేస్తారు. ఫ్రెంచివాడికి మన బంతిపూల దండ ఎంత ముచ్చటగా వుంటుందో చూసితీరాలి! గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ 2016లో జిల్లాలయ్యాయి. ఫోటోగ్రాఫర్లకేం కొదవ లేదు. ఆ పటం పక్కనే ఒక తాడు కట్టి, ఆ వూరి కండెలు చుట్టే అమ్మదీ, పల్లికాయ పీకే అమ్మదీ, బడిలో గంట కొట్టే ఆయమ్మదీ బొమ్మలు పెడితే సభ ఎంత నిండుగా వుంటుంది! ముందుగా అడిగి తియ్యాలి, కింద పేరు వెయ్యాలి, చివర బొమ్మ ఆమెకే ఇచ్చెయ్యాలి. ఖర్చు చాలా తక్కువ. కాకపోతే వక్తలకు కొంచెం సమయం తగ్గుతుంది, అది మేలే.

ఇంకొక సంగతి తొందరగా జరగాలి. సెల్‌ఫోన్లు వచ్చాక పాత స్టూడియోలు మూతపడుతున్నాయి. అటకమీద నెగెటివుల పెట్టెలున్నాయి. రేషన్ కార్డుకోసమో, వోటరు కార్డుకోసమో, బతుకులో మొదటిసారి కెమేరా ముందు కూర్చున్న స్త్రీల ముఖాలు అందులో వుంటాయి. ఎందరికో ఆ ఒక్కటే ఫోటో. ఎండకూ, తడికీ అతుక్కుపోయిన ఫిలిం ఒకసారి పాడైతే మళ్లీ రాదు. చెత్తబండికి వేసే ముందు వూరిలో ఒక మాట చెప్పండి.

మా ఫోటో మాటకు వస్తాను. గద్వాలలో మా మామగారి మేనత్త వున్నారు; తొంభైకి దగ్గర. దాన్ని గుడ్డలో చుట్టుకుని తీసుకుపోయాను. ఆవిడ చాలాసేపు చూశారు. పొగమబ్బుమీద వేలు ఆగింది.

“ఇది మా చిన్నక్క గదమ్మా! ఎత్తుకున్న పిల్ల నేనే. ఏడుస్తున్ననని ఊపుతున్నది.”

“పేరేమిటండీ?”

చెప్పారు. చెప్పి, నవ్వి, “దాన్ని పేరుపెట్టి పిలిచినోళ్లే లేరు,” అన్నారు.

అట్టమీద పెన్సిలుతో రాసుకున్నాను. ఆ పేరు ఇక్కడ వెయ్యడంలేదు. ఆవిడ నడగలేదు గనుక. మరొకావిడ పేరు కూడా తెలిసింది. భుజంచాటున ముఖం పోయినావిడ మాత్రం మేనత్తగారికీ గుర్తురాలేదు. దసరాకు వనపర్తినుంచి ఇంకో పెద్దామె వస్తారట. ఫోటో అప్పటిదాకా దింపే వుంచాం; గోడమీద సున్నం ఆ మేరకు వేరే రంగులో కనిపిస్తున్నది.