ఎరువు పెట్టె మూలలు చూశారా?
విత్తనంతో పాటు ఎరువు వేసే కొత్త గొర్రు కొంటున్నారా? నిగనిగలాడే రంగు చూసి మురిసిపోకండి. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ పౌడర్ కోటింగ్ వేసేది యంత్రమే. జిడ్డు కడిగి, ఫాస్ఫేటు పూత పెట్టిన ఇనుప భాగాలు గొలుసుకు వేలాడుతూ కదులుతాయి. పైకీ కిందికీ ఆడే గన్‌లు కరెంటు ఎక్కించిన రంగు పొడిని చిమ్ముతాయి. ఎర్తు చేసిన ఇనుముకు అది అతుక్కుంటుంది. తర్వాత ఓవెన్‌లో సుమారు 180-200 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడికి కరిగి గట్టిపడుతుంది. టిన్నరు అక్కర్లేదు. రాలిన పొడినీ మళ్లీ వాడుకోవచ్చు.

అయితే ఒక చిక్కుంది. కరెంటు ప్రభావం అంచుల దగ్గరే ఆగిపోయి, పెట్టె లోపలి మూలలకు పొడి సరిగా చేరదు. అక్కడ మనిషి చేత్తో గన్ పట్టాల్సిందే. అది ఎగ్గొడితే ఎరువు చెమ్మకు తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే డబ్బు కట్టేముందు అతుకులూ మూలలూ తడిమి చూడండి. ఇనుము కనిపిస్తే ఇంకోటి చూపించమనండి.