వర్గమూల సమాసముల సూక్ష్మీకరణము

బీజగణితమున వర్గమూల చిహ్నము కనబడగనే మనలో పలువురకు బెదురు కలుగును. ఆ చిహ్నము మనకేమి చెప్పుచున్నదో గ్రహించినచో బెదురునకు తావుండదు.

మన ‘మూలము’నకు వేరు అని అర్థము. అరబ్బీనుండి ఉర్దూలోనికి వచ్చిన ‘జజ్ర్’ అను పదమునకును అదియే అర్థము. √2 వలె పూర్తిగా వెలికిరాని మూలమును మన పూర్వులు ‘కరణి’ యనిరి. అరబ్బు గణితజ్ఞులు దానిని ‘అసమ్’, అనగా చెవిటిది, అనిరి. దాని లాటిన్ అనువాదమునుండియే ‘సర్డ్’ అను ఆంగ్లపదము పుట్టినది. 12వ శతాబ్దివాడైన భాస్కరాచార్యుడు తన ‘బీజగణితము’న కరణుల పరికర్మలను వివరించెను.

మొదటి సూత్రము గుణకారమునకు సంబంధించినది. 72ను 36 × 2గా విడదీసినచో √72 = 6√2 అగును. అట్లే √8 + √18 = 2√2 + 3√2 = 5√2. సజాతి కరణులను మాత్రమే ఇట్లు కలుపవచ్చును.

అయితే ఈ విభజన సంకలనమునకు చెల్లదు. √(9 + 16) విలువ √25, అనగా 5; 3 + 4 = 7 కాదు.

ఇక మనము తరచుగా పొరబడు స్థలమునకు వత్తము. భాస్కరుని వలె అవ్యక్తరాశిని ‘యా’ అందము. √(యా² − 6యా + 9) అనునది √(యా − 3)² అగును. వెంటనే ‘యా − 3’ అని వ్రాసి ముగింతుము. యా = 1 అయినచో మూలము లోపలి విలువ 4, దాని వర్గమూలము 2. కాని యా − 3 విలువ −2! వర్గమూల చిహ్నము ఎన్నడును ఋణసంఖ్యను సూచింపదు. కావున సరియైన జవాబు |యా − 3|, అనగా దాని పరమమూల్యము. యా విలువ 3కు తక్కువ కానప్పుడు అది యా − 3. తక్కువైనప్పుడు 3 − యా.

హారమున కరణులున్నచో సంయుగ్మముతో లవహారములను గుణింపవలెను. 2/(√5 − √3)ను √5 + √3తో గుణించినచో హారము 5 − 3 = 2 అగును; జవాబు √5 + √3.

జవాబు వచ్చిన పిదప అవ్యక్తమునకు ఒక ధనసంఖ్యను, ఒక ఋణసంఖ్యను ప్రతిక్షేపించి సరిచూచుకొందము. క్షణకాలపు ఈ శ్రమ మన మార్కులనే కాదు, సత్యమును గూడ కాపాడును.