బందరు ఎక్కడుందో గడియారం చెబుతుంది

ఉయ్యూరు సెంటర్లో నిలబడి, చేతి గడియారంలో పన్నెండు కాగానే తలెత్తి చూడండి. సూర్యుడు ఇంకా నడినెత్తికి రాడు. ఏడాది మొత్తానికి సగటు తీస్తే మరో ఆరున్నర నిమిషాలు ఆగాలి. దేశమంతటికీ సమయం లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కగా పోతుంది. ఉయ్యూరు దానికి పడమట ఉంది, అందుకే ఈ ఆలస్యం. బందరులో మాత్రం ఉయ్యూరు కంటే నిమిషం పైచిలుకు ముందే పొద్దు నడినెత్తికెక్కుతుంది. బస్సెక్కితే గంట పట్టే దారి, భూమి తిరుగుడులో ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని పట్టుకోలేకే ఎన్నో ఓడలు మునిగాయి.

ఈస్టిండియా కంపెనీ వారి ‘గ్లోబ్’ ఓడ 1611లో బందరు చేరింది. మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తో, రాత్రి ధ్రువనక్షత్రం ఎత్తో కొలిచి తాము ఎంత ఉత్తరాన ఉన్నామో అప్పటి నావికులు చెప్పగలిగేవారు. తూర్పు పడమరల సంగతే తెలిసేది కాదు. ఓడ వేగం ఇంత, దిక్కు ఇది, గడిచిన గంటలు ఇన్ని అని గుణించి ఒక అంచనాకు వచ్చేవారు. కృష్ణా డెల్టా తీరం ఆ అంచనాలకు అసలు కలిసిరాదు. దూరం నుంచి గుర్తుపట్టడానికి ఒక్క కొండ ఉండదు. నేలా నీరూ దాదాపు ఒకే ఎత్తు. దివిసీమ ముందు ఇసుకమేటలు. లోతు చాలక పెద్ద ఓడలు తీరానికి మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి.

ఉపాయం కాగితం మీద తేలికే. బయలుదేరిన రేవు సమయాన్ని చూపే గడియారం ఓడలో ఉంటే, నడిసముద్రంలో మిట్టమధ్యాహ్నం ఎప్పుడైందో చూసి రెండూ పోల్చుకోవచ్చు. నాలుగు నిమిషాల తేడా వస్తే ఒక డిగ్రీ రేఖాంశం. మన బందరు అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 107 కిలోమీటర్లు. అంటే గడియారం ఒక్క నిమిషం తప్పితే ఓడ దాదాపు 27 కిలోమీటర్లు తప్పినట్టు! కానీ అలాంటి గడియారం ఎక్కడుంది? ఓడ ఊగితే లోలకం లయ తప్పుతుంది. ఎండకు లోహం సాగుతుంది, చలికి నూనె చిక్కబడుతుంది. గడియలు లెక్కపెట్టడానికి మన పెద్దలు నీళ్లలో వదిలిన చిల్లి గిన్నె సంగతి చెప్పనే అక్కర్లేదు, అది నిలకడగా ఉన్న నీటికే పనికొస్తుంది.

1707లో ఇంగ్లండు తీరానికి దగ్గర్లోనే, సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకుని నౌకాదళం ఓడలు నాలుగు మునిగిపోయాయి. 1714లో పార్లమెంటు చట్టమే చేసింది. రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు తేడాతో చెప్పిన వారికి 20,000 పౌండ్ల బహుమతి.

దానికి సిద్ధపడింది జాన్ హారిసన్ అనే వడ్రంగి. 1693లో యార్క్‌షైర్‌లో పుట్టాడు. ఏ గడియారాల దుకాణంలోనూ పని నేర్చుకోలేదు. చెక్కతోనే గడియారాలు చేసేవాడు. ఇరుసులు తిరిగే చోట్ల లిగ్నమ్ వైటే అనే గట్టి కలప వాడాడు. ఆ కలపలోనే జిడ్డు ఉంటుంది. ఇరుసుకు కందెన అడగని ఎడ్లబండి లాంటిది ఆ గడియారం. నూనే లేకపోతే ఇక చిక్కబడేదేముంది!

1735 నాటికి తయారైన అతని మొదటి సముద్ర గడియారాన్ని ఇప్పుడు హెచ్1 అంటున్నారు. బరువు 34 కిలోలు. లోలకం బదులు, కొసల్లో బరువులున్న రెండు కడ్డీలు ఎదురెదురుగా ఊగుతాయి. రెంటినీ సన్నని తీగలు ముడిపెడతాయి, స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. ఓడ ఒరిగినప్పుడు ఒక కడ్డీ పోగొట్టుకున్నది రెండోది రాబట్టుకుంటుంది. పెద్ద చక్రాలు ఓక్ చెక్కవి. వాటిని ఒక్కో పన్ను చొప్పున వదిలే భాగానికి మిడత పేరు పెట్టారు, దాని కాళ్లు రాపిడి లేకుండా ఎగిరి తప్పుకుంటాయి కాబట్టి. వేడికి స్ప్రింగుల బిగువు మారితే, ఇత్తడి ఉక్కు కడ్డీలు ఆ మేరకు సర్దుతాయి. ఇదంతా బయటికే కనిపిస్తుంది.

1736లో దాన్ని లిస్బన్‌కు పంపారు. తిరుగు ప్రయాణంలో నేల కనబడగానే అది ‘స్టార్ట్’ అగ్రమని ఓడ అధికారులు అన్నారు. కాదు, ‘లిజర్డ్’ అన్నాడు హారిసన్. అతని మాటే నిజమైంది. రెంటికీ మధ్య తేడా దాదాపు వంద కిలోమీటర్లు.

అయినా అతనికి తృప్తి లేదు. మూడో గడియారంతోనే పందొమ్మిదేళ్లు కుస్తీపట్టి, చివరికి 1759లో 13 సెంటీమీటర్ల హెచ్4 చేశాడు. జమైకా ప్రయాణంలో, ముందే ప్రకటించిన రోజువారీ తేడాను సవరించాక, 81 రోజులకు అది తప్పింది ఐదు సెకన్లు. మన తీరం లెక్కలో రెండు కిలోమీటర్ల పైచిలుకు. బహుమతి సొమ్ము మాత్రం విడతలుగా విదిల్చారు. చివరి విడత 1773లో, ఎనభయ్యో ఏట చేతికందింది.

గెలిచింది హెచ్4 అయినా నా ఓటు హెచ్1కే. చేతిపని గడియారాలు చేసే యార్క్‌షైర్ సంస్థ సింక్లెయిర్ హార్డింగ్ కూడా హెచ్1 ప్రేరణతోనే తన ‘సముద్ర గడియారం’ రూపొందించింది. కారణం ఊహించడం కష్టం కాదు. హెచ్4 తన తెలివినంతా వెండి డబ్బాలో దాచుకుంటుంది. హెచ్1 తన వాదన మొత్తాన్ని కళ్లెదుట నడిపి చూపిస్తుంది. ఫోన్లో సమయం చూసుకునేవారు కూడా అలాంటి గడియారానికి డబ్బు పోసేది సమయం కోసం కాదు, ఆ పనితనం కోసం. గ్రీన్‌విచ్‌లో హెచ్1 ఇప్పటికీ ఆడుతుంది. నూనె కావలసిన హెచ్4ను మాత్రం అరుగుదల భయంతో ఆపి ఉంచారు.

ఓడలో గడియారం ఎంత నిక్కచ్చిదైనా, రేఖాంశం తెలిసిన నేల మీద దాన్ని సరిచూసుకునే చోటు కావాలి. మన తీరానికి ఆ చోటు మద్రాసు అబ్జర్వేటరీ. దానికోసం కంపెనీని ఒప్పించి 1792లో కట్టించినవాడు తీర సర్వేయరు మైకేల్ టాపింగ్. రెండేళ్లకు ఎనిమిది మంది పిల్లలతో అతను పెట్టిన సర్వే బడే నేటి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ. ఆనకట్టలు రావడానికి అర్ధ శతాబ్దం ముందే కృష్ణా గోదావరుల నీటిని పొలాలకు మళ్లించే వీలుందేమో కొలతలు తీశాడు. 1796లో జ్వరంతో బందరులోనే చనిపోయాడు.

ఆ అబ్జర్వేటరీలో వాడిన జాన్ షెల్టన్ లోలకం గడియారం ఇప్పుడు కొడైకెనాల్‌లో ఉంది. పరికరాలను నిలిపిన రాతి స్తంభం మాత్రం చెన్నై నుంగంబాక్కంలో, వాతావరణ కేంద్రం ఆవరణలో ఉండిపోయింది. దాని మీద తమిళంతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు.