జాతరలలో పచ్చబొట్ల అంగళ్లు – పంచాయతీల కర్తవ్యము

పచ్చబొట్టు మన పల్లెలకు క్రొత్త కాదు. ఆదిలాబాదు ప్రాంతపు గోండు స్త్రీలకు అది కులాచారము. ఇతర గ్రామములలో ఎరుకల స్త్రీలు ఇంటింటికి తిరిగి, కొన్ని సూదులను చేర్చి కట్టి, మసిలో ముంచి చేతులపై పొడిచెడివారు. పొడిచినచోట పసుపు రాసి, ధాన్యమో కొలది పైకమో పుచ్చుకొనెడివారు.

నేడు ఆ పనికి యంత్రము వచ్చినది. 1891లో న్యూయార్కు నగరమున శామ్యూల్ ఓరైలీ అనునతడు విద్యుత్తుతో నడచు పచ్చబొట్టు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. అట్టి యంత్రములే నేడు బ్యాటరీలపై నడచుచు జాతరలలోను, తిరునాళ్లలోను, వారపు సంతలలోను కనబడుచున్నవి. ఒక్క పూటలో పలువురికి పేర్లును, దేవతా రూపములును, పువ్వులును పొడువబడుచున్నవి. ఈ వేగమే ప్రమాదమునకు మూలము.

ప్రమాదము ఎట్లు కలుగును?

పచ్చబొట్టు చర్మముపై పూత కాదు. సూది పైపొరను దాటి లోపొరకు చేరును. అందువలననే రంగు చెరగక నిలుచును. అందువలననే నెత్తురును చెమర్చును. నెత్తురంటిన సూదిని మరియొకరికి వాడినచో హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, ఎయిడ్సునకు కారణమగు హెచ్.ఐ.వి. సంక్రమింపవచ్చును. హెపటైటిస్-బి క్రిమి శరీరము వెలుపల ఏడు దినములైనను జీవించి యుండగలదు. కావున ఒక సంతలో వాడిన సూది మరుసటి సంతనాటికిని ప్రమాదకరమే.

సూదిని మార్చినంత మాత్రమున చాలదని సభ్యులు ముఖ్యముగా గమనింపవలయును. నెత్తురంటిన సూదిని మాటిమాటికి రంగు గిన్నెలో ముంచుదురు. ఆ గిన్నెలోని రంగునే తరువాతివానికి వాడినచో క్రొత్త సూదియు రోగమును మోయును.

హెపటైటిస్-బి లక్షణములు బయటపడుటకు ఒకటి మొదలు ఆరు నెలల వరకు పట్టవచ్చును. కొందరిలో ఏ లక్షణమును కనబడక, ఏండ్ల తరువాత కాలేయము చెడును. అప్పటికి జాతర ముగిసి, అంగడివాడు వెడలిపోయి యుండును. రోగికి తన జబ్బునకు కారణము తెలియదు. పంచాయతీకి ఫిర్యాదు రాదు. ఫిర్యాదు లేదు గనుక ప్రమాదము లేదని తలచుట పొరపాటు. ఈ వ్యాధికి టీకా కలదు. కాని శిశువుల టీకాల కార్యక్రమములో అది దేశమంతట చేరినది 2011 నాటికే గనుక, నేటి యువకులలో పలువురు దానిని పొంది యుండకపోవచ్చును. హెపటైటిస్-సి కి టీకాయే లేదు.

నిషేధమా? నియంత్రణమా?

ఇంత ప్రమాదమున్నప్పుడు ఈ వృత్తిని నిషేధించిన పోదా యని కొందరడుగవచ్చును. న్యూయార్కు నగరము అట్లే చేసినది. హెపటైటిస్ వ్యాపించుచున్నదన్న కారణమున 1961లో పచ్చబొట్లను నిషేధించినది. ఆ వృత్తి నశింపలేదు. ఇండ్లలోనికి, చాటునకు పోయినది. చాటున జరుగు పనిని తనిఖీ చేయువారుండరు. తుదకు 1997లో నిషేధమును తొలగించిరి.

బ్రిటనులో వేరు మార్గము త్రొక్కిరి. 1969 నాటి చట్టము 18 ఏండ్లు నిండనివారికి పచ్చబొట్టు పొడుచుటను నేరముగా చేసినది. 1982 నాటి చట్టము ఇంగ్లండు, వేల్సులలో ఈ అంగళ్లను నమోదు చేయుటకు స్థానిక సంస్థలకు అధికారమిచ్చినది. వేల్సులో 2024 నవంబరు నుండి లైసెన్సు తప్పనిసరి యైనది.

పంచాయతీల అధికారము

మన దేశమున పచ్చబొట్లకై ప్రత్యేకముగా కేంద్ర చట్టము లేదు. అయినను పంచాయతీలు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పని లేదు. 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో సంతలు, జాతరలు 22వది; ఆరోగ్యము, పారిశుద్ధ్యము 23వది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి, తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టములు గ్రామములలోని అంగళ్లు, సంతల విషయమున పంచాయతీలకు బాధ్యతలను అప్పగించినవి. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 నాటి పెసా చట్టము ప్రకారము ఆచారములను కాపాడుటయు, గ్రామపు సంతలను నిర్వహించుటయు గ్రామసభ పరిధిలోనివి. అచ్చట గ్రామసభను సంప్రదింపక ఏ నిబంధనయు చేయరాదు. తీర్మానమునకు ముందు జిల్లా పంచాయతీ అధికారి సలహాను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని సలహాను పొందుట మేలు.

లైసెన్సులో చేర్చదగిన నియమములు

1. ప్రతి మనిషికిని క్రొత్త సూదినే వాడవలయును. మూసిన పొట్లమును అతని యెదుటనే విప్పవలయును.

2. రంగును ప్రతివానికిని వేరు గిన్నెలో పోసి, మిగిలినదానిని పారవేయవలయును. వ్రాత సిరా, అచ్చు సిరా వంటివి వాడరాదు.

3. పొడుచువారు చేతులను సబ్బుతో కడుగుకొని, ప్రతివానికిని క్రొత్త చేతితొడుగులు ధరింపవలయును. వారు హెపటైటిస్-బి టీకాలను పూర్తిగా వేయించుకొని యుండవలయును.

4. మరల వాడు లోహపు భాగములను ఆటోక్లేవులో 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో, 15 పౌండ్ల ఒత్తిడిలో, కనీసము 15 నిమిషములుంచవలయును. స్పిరిటుతో తుడుచుట చాలదు.

5. వాడిన సూదులను గుచ్చుకొనని గట్టి డబ్బాలో వేసి, ఆరోగ్య కేంద్రము చూపిన రీతిగా తొలగింపవలయును. చెత్తకుప్పలో వేసినచో పారిశుద్ధ్య కార్మికులకు హాని కలుగును.

6. 18 ఏండ్లు నిండనివారికి పొడువరాదు.

అంగడి ముందు రెండు సంగతులను పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది. పచ్చబొట్టు పొడిపించుకొన్నవారు 12 నెలలు రక్తదానము చేయరాదు. శరీరముపై అన్నిచోట్ల పచ్చబొట్లను సైన్యము అంగీకరింపదు గనుక, సైన్యమున చేరదలచిన యువకులు నియమములను ముందుగా తెలిసికొనవలయును.

వృత్తిదారుల జీవనము

ఈ వృత్తిపై బ్రదుకువారిలో పలువురు పేదలు. లైసెన్సు రుసుము పంచాయతీకి ఆదాయమార్గము కారాదు. అది ఎక్కువైనచో వారు మరల చాటునకే పోవుదురు. స్వల్ప రుసుము గైకొని, జాతరకు ముందొక దినమున ఆరోగ్య కార్యకర్తలచే శిక్షణ నిప్పించుట, సూదుల డబ్బాలను సమకూర్చుట ఉచితము. శిక్షణ పొంది నియమములు పాటించువానికి లైసెన్సు పత్రమే మంచి ప్రకటన యగును.

తనిఖీకి గొప్ప విద్య అక్కరలేదు. సూది క్రొత్తదా? గిన్నె వేరా? వాడిన సూది ఎచ్చటికి పోవుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు తృప్తికరమగు సమాధానము లేనిచో, ఆ అంగడిని అప్పటికప్పుడు ఆపించుటకు పంచాయతీ వెనుదీయరాదు. రాబోవు జాతరకు నీరు, దీపములు, పారిశుద్ధ్యము గూర్చి చర్చించు సమావేశముననే ఈ విషయమునుగూడ చేర్చి తీర్మానించినచో, వేడుకకు వచ్చిన బిడ్డలు ఆరోగ్యముతో ఇండ్లకు మరలుదురు.