ఎడారిలో టైరుకూ ఎక్స్‌పైరీ ఉంటుంది

నవంబర్ వచ్చిందంటే మాంట్రియల్‌లో ఉన్న మా తమ్ముడికి ఒకటే హడావుడి. "అన్నయ్యా, వింటర్ టైర్లు మార్పించడానికి అపాయింట్‌మెంట్ దొరకట్లేదు" అంటూ ఫోన్ చేస్తాడు. క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. షార్జాలో ఉన్న నేను "మాకా బాధ లేదురా, ఏడాదంతా ఒకటే టైరు" అని నవ్వేవాణ్ని.

2024 జులైలో ఆ నవ్వు ఆగిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం, షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు మీద రస్ అల్ ఖైమా వెళ్తున్నాం. చిన్న కారు. వెనక సీట్లో పిల్లలిద్దరూ. ఢాం అని శబ్దం. స్టీరింగ్ ఒక పక్కకి లాగేసింది. పక్క లేన్‌లో ఆ క్షణాన ట్రక్కు లేదు కాబట్టి ఇప్పుడిది రాస్తున్నాను.

పేలిన టైరు ట్రెడ్ చూస్తే కొత్తదానిలా ఉంది. రికవరీ వ్యాన్‌తో వచ్చిన పాకిస్తానీ డ్రైవర్ మాత్రం ట్రెడ్ చూడలేదు. టైరు పక్క గోడ మీద చిన్న అంకెలు చూపించాడు: 1219. అంటే 2019లో 12వ వారంలో తయారైంది. నేను 2022లో "ఆఫర్" అని కొన్నప్పటికే దానికి మూడేళ్లు. బిల్లు చూశాను, అంకెలు చూడలేదు.

ఇక్కడ టైరు ఆయుష్షు తయారీ తేదీ నుంచి ఐదేళ్లు. అది దాటిన టైరుతో దొరికితే 500 దిర్హాముల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు, వారం పాటు కారు స్వాధీనం. కానీ అసలు భయం జరిమానా కాదు. రబ్బరు వేడికి గట్టిపడి, లోపలి పొరల పట్టు సడలుతుంది. పైకి ఏమీ కనిపించదు.

"ఆల్ సీజన్ వేయించుకో అన్నయ్యా, సేఫ్" అన్నాడు తమ్ముడు. చదివి చూస్తే సంగతి వేరే. వింటర్ టైరు రబ్బరు చలిలో, సుమారు 7 డిగ్రీల కంటే తక్కువలో కూడా మెత్తగా ఉండేలా తయారవుతుంది. ఇక్కడి 45 డిగ్రీల్లో అది త్వరగా అరిగిపోతుంది, బ్రేక్ వేస్తే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. ఆల్ సీజన్ అంటే చలికీ ఎండకీ మధ్య రాజీ. మనకి చలే లేనప్పుడు రాజీ దేనికి? వేడికి తగ్గ సమ్మర్ టైరే నయం. పక్క గోడ మీద టెంపరేచర్ అన్న మాట పక్కన 'ఎ' ఉందేమో చూడండి. వేడిని తట్టుకోవడంలో అదే పై గ్రేడు.

మరి వాన? 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజులోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి రోజు కారు బయటికి తీయకపోవడమే మంచిది. మామూలు వానకి మాత్రం ట్రెడ్ లోతు ముఖ్యం. 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే ఏ టైరైనా తీసేయాల్సిందే.

మనవాళ్లలో ఇంకో నమ్మకం ఉంది: ఎండాకాలం గాలి తక్కువ పెట్టాలని. నేనూ అలాగే చేశాను. అది తప్పు. గాలి తక్కువైతే టైరు గోడలు ఎక్కువ వంగి, ఇంకా వేడెక్కుతాయి. పేలుడికి అదే దారి. డ్రైవర్ డోర్ తీస్తే అంచున స్టిక్కర్ ఉంటుంది. అందులో ఉన్నంత గాలి, పొద్దున్నే కారు తీయకముందు కొట్టించాలి. దారిలో వేడి వల్ల రీడింగ్ పెరిగిందని గాలి తీసేయకూడదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని విని పెరిగినవాళ్లం. రోళ్లే పగిలే ఎండకి రబ్బరు ఆగుతుందా? సెకండ్ హ్యాండ్ టైర్లలో మిగిలే వంద దిర్హాముల కోసం చూడకండి. ఈ వారాంతం కిందికి దిగి నాలుగు టైర్ల తేదీలు చదవండి. డిక్కీలో ఉన్న స్టెప్నీది కూడా.

మొన్న తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నేను నవ్వలేదు. "తేదీ చూశావురా?" అని అడిగాను.