మీకు తెలుసా? చెవిలో హోరుకు ఒత్తిడితో లంకె!

బయట ఏ చప్పుడూ లేకున్నా చెవిలో గుయ్‌మని హోరు వినిపించడమే టిన్నిటస్. రాత్రి ఇల్లు సద్దుమణిగాక అది మరింత ఎక్కువై నిద్ర పట్టనివ్వదు.

ఒత్తిడికి లోనైనప్పుడు ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ పెరుగుతుంది. కాస్త ఉమ్మి తీసుకుని దాన్ని కొలవొచ్చు. కెనడా పరిశోధకులు 2007లో ఇలా పరీక్షిస్తే, టిన్నిటస్ బాధితుల్లో ఆ పెరుగుదల మందకొడిగా కనిపించింది.

మరి చికిత్స? నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 492 మందిపై జరిగిన అధ్యయనం 2012లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడింది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్స) ఆధారిత చికిత్స తీసుకున్నవారు మామూలు చికిత్స పొందినవారికన్నా బాగా కోలుకున్నారు. ఈ థెరపీ హోరును మాయం చేయదు; దానివల్ల కలిగే భయాన్ని, దిగులును తగ్గిస్తుంది.

హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, వినికిడి హఠాత్తుగా తగ్గినా వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.